కార్ల మిత్రబృందంలో వేళాకోళం ఎంతవరకు, ప్రయాణం ఎలా?

కార్లంటే ఇష్టపడే స్నేహితులు పది మంది వరకు కలిసి సెలవు రోజుల్లో ప్రయాణాలు పెట్టుకుంటున్నారని, మొదట్లో ఒకరి కారు మీద మరొకరు విసురుకునే చెణుకులే ఆ కలయికలకు ప్రాణంగా ఉండేవని, ఈ మధ్య పాత చిన్న కారు ఉన్న ఒక మిత్రుడు కారణం చెప్పకుండా రావడం మానేశాడని మీరు రాశారు. దారిలో ముందున్న నాలుగు కార్లు దూసుకుపోవడం, వెనుకవాళ్లు దారి తప్పి విసుగుతో గమ్యం చేరడం కూడా మామూలైపోయిందని, ఈ రెండు సమస్యలను ఎలా సరిదిద్దాలని అడిగారు. ఇలాంటి బృందాలను చాలా ఏళ్లుగా నడిపిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఇవి రెండు సమస్యలు కావు, ఒకటే. ఉదయం అందరూ కలిసిన చోట నవ్వుతూ అన్న మాట, అరగంట తరువాత రోడ్డు మీద వేగంగా మారుతుంది. ‘నీ బండి మమ్మల్ని ఎక్కడ అందుకుంటుందిలే’ అన్న మాట పడినవాడు ఆ రోజంతా అందుకోగలనని నిరూపించే ప్రయత్నంలోనే ఉంటాడు, లేదా తరువాతి ప్రయాణానికి రాకుండా ఉండిపోతాడు. మీ బృందంలో ఈ రెండూ జరిగాయి. అందువల్ల ముందు మాటల సంగతి, ఆ తరువాత దారి సంగతి చెబుతాను.

వేళాకోళాన్ని మాత్రం ఆపించకండి. ఒకరి నొకరు ఆటపట్టించుకోని కార్ల బృందం కొద్ది నెలల్లోనే సర్వీసు ఖర్చులు, విడిభాగాల ధరలు మాట్లాడుకునే సభగా మారిపోతుంది. మార్చవలసింది చెణుకు దేని మీద పడుతోందన్న విషయం. కారు గురించి బాగా తెలిసినవాడు మాత్రమే వేయగలిగిన చెణుకు, ఆ కారుకు దక్కిన మెచ్చుకోలుతో సమానం. ఎందుకంటే దాన్ని విసరడానికి ముందు ఆ కారు ఎలా పనిచేస్తుందో, ఎందుకు అలా తయారైందో తెలుసుకునేంత శ్రద్ధ చూపించాలి. ఏ శ్రద్ధా లేకుండా ఎవరి మీదైనా వేయగలిగిన మాట, అంటే పాతది, చిన్నది, చవకది, డొక్కుది వంటి మాట, కారు మీద పడదు, దాన్ని కొన్న మనిషి జేబు మీద పడుతుంది.

ఉదాహరణకు సిట్రోయెన్ 2సీవీ అనే ఫ్రెంచి చిన్న కారును తీసుకోండి. 1948లో పారిస్ ప్రదర్శనలో బయటికి వచ్చినప్పుడు దాని ఇంజిన్ 375 సీసీ, శక్తి 9 హార్స్‌పవర్ మాత్రమే. మలుపుల్లో ఆ కారు ఒక పక్కకు ఎంతగా ఒరుగుతుందంటే, మొదటిసారి చూసినవారు పడిపోతుందేమోనని భయపడతారు. ‘మలుపు వచ్చినప్పుడల్లా నీ కారు వంగి నమస్కారం పెడుతోందేమిటి’ అని ఎవరైనా అంటే, ఆ యజమానికి చక్కటి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇద్దరు రైతులను, 50 కిలోల బంగాళాదుంపలను ఎక్కించుకుని గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలని, దున్నిన పొలానికి అడ్డంగా వెళ్లినా బుట్టలోని గుడ్లు పగలకూడదని ఆ కారు రూపకర్తలకు ముందే షరతు పెట్టారు. కుదుపులను మింగే స్ప్రింగుల ఏర్పాటు, అంటే సస్పెన్షన్, అంత మెత్తగా ఉంటే ఒరగడం తప్పదు. ‘ముందు నీ కారులో గుడ్ల బుట్ట పెట్టి పొలం దాటించు, తరువాత మాట్లాడదాం’ అని అతను అనగానే అందరూ నవ్వుతారు, కారు గౌరవం పెరుగుతుంది, చెణుకు వేసినవాడు కూడా ఒక కొత్త సంగతి తెలుసుకుంటాడు.

పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే రోటర్‌తో పనిచేసే మాజ్దా రోటరీ ఇంజిన్ కార్ల యజమానులను ఇంజిన్ ఆయిల్ గురించి ఆటపట్టించడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ ఇంజిన్‌లో త్రికోణాకారపు రోటర్ కొసల వద్ద ఉండే సీల్స్ అరిగిపోకుండా కొద్దికొద్దిగా ఆయిల్‌ను దహన గదిలోకి పంపించే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, ఆయిల్ తగ్గడం లోపం కాదు, నిర్మాణంలోనే ఉన్న లక్షణం. ‘పెట్రోలుతో పాటు ఆయిల్ డబ్బా కూడా కొనుక్కో’ అన్నవారికి, 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కార్ల పోటీలో గెలిచిన మాజ్దా 787బీ పేరు చెబితే చాలు. ఒక జపాన్ కంపెనీ ఆ పోటీని గెలవడం అదే మొదటిసారి, పిస్టన్లు లేని ఇంజిన్‌తో ఆ పోటీ గెలిచిన కారు ఇప్పటికీ అదొక్కటే. పోర్షే 911 సంగతీ ఇలాంటిదే. 1963లో తొలిసారి ప్రదర్శించిన నాటినుంచి దాని ఇంజిన్ వెనుక ఇరుసుకు కూడా అవతల ఉంటుంది కాబట్టి, పాత మోడళ్లలో మలుపు మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు జరిగి, వెనుక చక్రాల పట్టు తగ్గి, తోక బయటికి తిరిగిపోయేది. ఇంజిన్ తప్పు చోట పెట్టారని నవ్వేవారికి, ఆ తప్పు చోటులోనే దాన్ని దశాబ్దాల పాటు దిద్దుకుంటూ వచ్చిన ఇంజనీర్ల పట్టుదల గురించి యజమాని గంటసేపు చెప్పగలడు, వినడానికి కూడా బాగుంటుంది. ఆటోమేటిక్ కారు నడిపేవాడి ఎడమ కాలికి సెలవులు దొరికాయనడం, ఎలక్ట్రిక్ కారు పక్కకు వచ్చి ఆగినా ఎవరూ గమనించలేదనడం, డీజిల్ కారు వీధి చివర ఉండగానే ఊరంతటికీ తెలిసిందనడం, ఇవన్నీ ఆరోగ్యకరమైన విసుర్లే. యజమాని కోరి ఎంచుకున్న లక్షణం మీద పడతాయి కాబట్టి అతను తన ఎంపికను సంతోషంగా సమర్థించుకోగలడు.

మనిషి కోరి ఎంచుకోని దాని మీద మాత్రం మాట పడకూడదు. ఆర్థిక పరిస్థితి వల్ల ఉంచుకున్న పాత కారు, తండ్రి నుంచి వచ్చిన కారు, అప్పుతో కొన్న కారు, రంగు వేయించడానికి డబ్బు కూడబెట్టుకుంటున్న కారు, వీటి గురించి యజమాని తనంతట తాను నవ్వుతూ చెప్పుకుంటే వినవచ్చు గానీ, ఆ మాటను అందుకుని మనం రెట్టింపు చేయకూడదు. మీ మిత్రుడి విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అంచనా. అతను మొదట్లో మీ అందరితో కలిసి నవ్వి ఉంటాడు, ఆ నవ్వును మీరు అనుమతిగా తీసుకుని ఉంటారు. పదిమంది మధ్య నవ్వకుండా ఉండడం ఎవరికైనా కష్టం. నవ్వుతున్నాడా లేదా అన్నది చూడవద్దు, తిరిగి చెణుకు విసురుతున్నాడా లేదా చూడండి. తిరిగి విసిరే మనిషి ఆటలో ఉన్నట్టు. ఊరికే నవ్వి ఊరుకుంటున్న మనిషి ఆట నుంచి ఎప్పుడో బయటికి వెళ్లిపోయినట్టు.

డ్రైవింగ్ నైపుణ్యం మీద వేళాకోళాన్ని మా బృందంలో పూర్తిగా నిషేధించాను, మీరూ అలాగే చేయమని గట్టిగా కోరుతున్నాను. కారు నెమ్మది అంటే యజమాని ఇంజిన్‌ను నిందించి తప్పించుకోగలడు, నువ్వు నెమ్మది అంటే తప్పించుకునే దారి ఉండదు, పాదం కిందికి నొక్కడం ఒక్కటే మిగులుతుంది. అందులోనూ భార్యాపిల్లలు వింటుండగా అంటే ఆ మాట బరువు ఇంకా పెరుగుతుంది. అలాగే ఎవరి కారైనా దారి పక్కన బానెట్ ఎత్తి ఆగి ఉన్నప్పుడు, అది మళ్లీ స్టార్ట్ అయ్యేదాకా ఎవరూ ఒక్క జోకు కూడా వేయకూడదు. అది నడిచాక ఆ రోజంతా దాని గురించి నవ్వుకోవచ్చు, యజమానే అందరికంటే ఎక్కువ నవ్వుతాడు. ఎవరైనా చక్రాలో, లైట్లో కొత్తగా మార్పించుకుని వస్తే ముందు దగ్గరికి వెళ్లి చూసి, ఎలా చేయించారో అడిగి తెలుసుకుని, ఆ తరువాత చెణుకు వేయండి. మరొక మాట, వాట్సాప్ గ్రూపులో రాసిన వేళాకోళానికి ముఖమూ గొంతూ ఉండవు. ఎదురుగా అంటే నవ్వు తెప్పించే వాక్యమే, రాత్రి ఒంటరిగా చదివినప్పుడు మరోలా తగులుతుంది. ఆ గ్రూపును దారి వివరాలకు, ఫొటోలకు ఉంచుకుని, ఆటపట్టించడాన్ని కలిసినప్పటికి దాచుకోండి.

ఇక దారి సంగతి. మీ బృందంలో వెనుకవాళ్లు తప్పిపోవడానికి వాళ్ల నెమ్మదితనం కారణం కాదు, వరుసలో వెళ్లే వాహనాల లెక్క కారణం. పది కార్లు ఒకదాని వెనుక ఒకటి, రెండేసి సెకన్ల ఎడంతో వెళ్తున్నాయనుకోండి. మొదటి కారు దాటిన మలుపును పదో కారు దాటడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది. ముందున్నవాడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగి, ఎదురుగా తిన్నటి రోడ్డు కనిపించగానే 80కి పెంచితే, పదోవాడు ఇంకా మలుపు ఇవతల 50లోనే ఉంటాడు. అతను మలుపు దాటేసరికి దూరం బాగా పెరిగి ఉంటుంది. దాన్ని పూడ్చాలంటే అతను 80 కంటే ఎక్కువ వేగంతో వెళ్లాలి, అందుకునేలోపు తరువాతి మలుపు వస్తుంది. ముందువాడు హాయిగా, పద్ధతిగా నడిపానని నిజాయితీగానే అనుకుంటాడు, వెనుకవాడు మాత్రం రోజంతా తరుముతూనే ఉంటాడు. మీ బృందంలో తక్కువ శక్తి ఉన్న కారు ప్రతిసారీ చివర్లోనే ఉంటూ వచ్చి ఉంటే, ఎవరికి అందరికంటే తక్కువ సామర్థ్యం ఉందో వారినే మీరు అందరికంటే వేగంగా నడపమని అడుగుతున్నట్టు.

దీనికి విరుగుడు సులభం. దారి తెలిసిన, నిదానస్థుడైన వ్యక్తిని ముందుంచండి. శక్తి తక్కువ ఉన్న కారును, అనుభవం తక్కువ ఉన్న డ్రైవరును అతని వెంటనే రెండో స్థానంలో ఉంచండి. అప్పుడు ముందువాడి అద్దంలో ఎప్పుడూ ఆ కారే కనిపిస్తుంది, అతని వేగం దానంతట అదే సర్దుకుంటుంది. చివరి స్థానంలో అనుభవజ్ఞుడైన డ్రైవరు ఉండాలి, పనిముట్లు, బ్యాటరీ కేబుళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఆ కారులో ఉండాలి. వేగమైన కార్ల వాళ్లకు ఇది మొదట్లో నచ్చదు. చివరి కారు బాధ్యత అందరికంటే నైపుణ్యం ఉన్నవారికే ఇస్తామని చెబితే ఒప్పుకుంటారు, ఆ మాట నిజం కూడా. మలుపు నుంచి బయటపడ్డాక ముందువాడు మనసులో 20 వరకు లెక్కపెట్టి ఆ తరువాతే వేగం పెంచితే, వరుస రబ్బరులా సాగకుండా ఉంటుంది.

దారి మారే ప్రతి కూడలి వద్ద ప్రతి డ్రైవరూ తన వెనుక కారు అద్దంలో కనిపించేదాకా సురక్షితమైన చోట ఆగాలి. ఈ ఒక్క నియమాన్ని అందరూ పాటిస్తే దారి తప్పడం దాదాపు ఉండదు, ఎవరూ ముందు కారును కంటితో పట్టుకుని తరమవలసిన అవసరం కూడా ఉండదు. పది కార్లకంటే ఎక్కువైతే రెండు జట్లుగా విడగొట్టి, పది నిమిషాల తేడాతో బయలుదేరదీయండి. రోడ్డు మనది మాత్రమే కాదు, మన వరుసను దాటాలనుకునే ఇతరులు మధ్యలో దూరడానికి చోటు వదలాలి. ప్రమాద సూచిక లైట్లు నాలుగూ వెలిగించుకుని ఊరేగింపులా వెళ్లడం వెనుకవారిని తికమక పెడుతుంది, మన ఇండికేటర్ కూడా కనిపించకుండా చేస్తుంది. ఓవర్‌టేక్ విషయంలో ముందువాడు వాకీటాకీలో ‘దారి ఖాళీ’ అన్నా సరే, తన కళ్లతో చూడనిదే ఎవరూ వరుస నుంచి బయటికి రాకూడదు. అతనికి ఖాళీగా ఉన్న దారి మూడు సెకన్ల తరువాత మనకు ఖాళీగా ఉండాలన్న నియమం లేదు.

ఆగే చోట్లను కూడా అవసరం ఎక్కువ ఉన్న కారును బట్టి నిర్ణయించాలి. అందరూ ట్యాంకు నింపుకుని రావడం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకుని రావడం మర్యాద. బృందంలో ఎలక్ట్రిక్ కారు ఉంటే దాని చార్జింగ్‌ను భోజన విరామంతో కలపండి. వేగవంతమైన చార్జర్ మీద 80 శాతం దాటాక చార్జింగ్ వేగం బాగా తగ్గుతుంది కాబట్టి, పూర్తిగా నింపాలని అందరినీ కూర్చోబెట్టేకంటే 80 వద్ద లేచి మరొకచోట ఆగడం మంచిది. కొండ దిగేటప్పుడు పాత కార్ల గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే వేడెక్కి పట్టు తగ్గుతుంది, పాత డ్రమ్ బ్రేకులు ఆ వేడిని త్వరగా వదలలేవు. ముందువాడు తక్కువ గేరులో ఇంజిన్ బిగువు మీదే దిగితే వెనుకవారంతా అలాగే దిగుతారు. రెండు గంటలకొకసారి ఎలాగూ ఆగాలి, అలసట విషయంలో కొత్త కారుకూ పాత కారుకూ తేడా లేదు.

వేగం కోరేవాళ్లను ఏం చేయాలన్నది మీరు నేరుగా అడగలేదు గానీ, ముందున్న ఆ నలుగురి గురించి చెప్పకుండా ఉండలేను. వాళ్ల కోరిక తప్పు కాదు, దానికి చోటు రేసు ట్రాక్. అందరూ ఉదాహరణగా చెప్పే జర్మనీలోని న్యుర్‌బుర్‌గ్రింగ్ నార్డ్‌ష్లైఫ కూడా, 20 కిలోమీటర్లకు పైగా సాగే ఆ ప్రసిద్ధమైన దారి కూడా, సాధారణ సందర్శకులకు తెరిచిన వేళల్లో మామూలు రహదారి నియమాల కిందికే వస్తుంది. అక్కడ పందెం నిషిద్ధం, ఎడమవైపు నుంచే దాటాలి. అక్కడే లేని స్వేచ్ఛ మన దారి మీద ఎవరికీ ఉండదు. ఇటలీలో 1927లో మొదలైన మిల్లె మిలియా వేగపు పోటీ బహిరంగ రహదారుల మీదే జరిగేది. 1957లో అల్ఫోన్సో డి పోర్టాగో నడుపుతున్న ఫెరారీ అదుపు తప్పిన ప్రమాదంలో అతనితో పాటు సహచరుడు, తొమ్మిదిమంది ప్రేక్షకులు చనిపోవడంతో ఆ రూపంలో అది ముగిసింది. 1977లో అదే పేరుతో మళ్లీ మొదలైనది వేగపు పోటీ కాదు, సమయపాలన పోటీ. అక్కడ ముందుగా చేరినా, ఆలస్యంగా చేరినా మార్కులు పోతాయి.

ఈ సమయపాలన ఆటను మీ బృందంలో ప్రవేశపెట్టమని సలహా ఇస్తున్నాను. 30 కిలోమీటర్ల నిర్మానుష్యమైన దారిని ఎంచుకుని, చట్టం అనుమతించే వేగానికి బాగా తక్కువగా, గంటకు 45 కిలోమీటర్ల సగటు పెట్టుకుంటే, సరిగ్గా 40 నిమిషాల్లో చేరాలి. కార్లను రెండేసి నిమిషాల తేడాతో పంపండి, పక్క సీటులోని మిత్రుడు గడియారం, దూరం చూసి లెక్క చెబుతాడు, ఫోన్లు, దారి చూపే యాప్‌లు మూసివేయాలి. ఆలస్యంకంటే తొందరకు రెట్టింపు మార్కులు కోయండి. ఇందులో 300 హార్స్‌పవర్ దేనికీ పనికిరాదు. పాత చిన్న కారు గెలవడానికి ఎంత అవకాశం ఉందో కొత్త స్పోర్ట్స్ కారుకూ అంతే ఉంటుంది. ఆ సాయంత్రం వేళాకోళానికి సరికొత్త సరుకు దొరుకుతుంది, ‘నువ్వు నాలుగు నిమిషాలు ముందే వచ్చావు, ఎవరు తరిమారు?’ అన్న చెణుకు వేగమైన కారువాడి మీద పడుతుంది.

ప్రయాణం మధ్యలో పక్క సీట్లు మార్చుకోవడం కూడా నేను పట్టుబట్టి చేయించే పని. ఒకరి కారును దూరం నుంచి చూసి నవ్విన మనిషి అందులో గంటసేపు కూర్చుంటే, ఆ ఇంజిన్ ఏ మోత వద్ద హాయిగా ఉంటుందో, ఏ గేరు కాస్త బుజ్జగిస్తేనే పడుతుందో, యజమాని దాన్ని ఎంత ప్రేమగా నడుపుతున్నాడో తెలుసుకుంటాడు, అతని చెణుకుల నాణ్యత కూడా పెరుగుతుంది. స్టీరింగ్ మాత్రం అడగకూడదు, ఇచ్చినప్పుడు తీసుకోవాలి, బీమా మరొక డ్రైవరుకు వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. ఇచ్చినవారి కారును ఇంజిన్ వేడెక్కకముందే గట్టిగా తొక్కకూడదు, వాళ్లు నడిపే వేగానికి కాస్త తక్కువగానే నడపాలి, తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు నింపి ఇవ్వాలి.

ఇక మీ మిత్రుడి విషయం. గ్రూపులో అందరి ముందు క్షమాపణ రాయకండి, అది అతన్ని మళ్లీ చర్చనీయాంశం చేస్తుంది. మీరొక్కరే వెళ్లి కలవండి. ఎందుకు రావడం లేదని నిలదీయకుండా, తరువాతి ప్రయాణంలో సమయపాలన ఆట పెడుతున్నామని, అతని కారుకు సరిపోయే దారి ఏదో అతనే నిర్ణయించాలని అడగండి. ఎక్కడ దారి బాగా ఎత్తు ఎక్కుతుంది, ఎక్కడ ఆగితే ఇంజిన్ చల్లబడుతుంది, ఏ రోడ్డు మీద గుంతలు ఉన్నాయి అన్న సంగతులు పాత కారు నడిపేవాడికి తెలిసినంతగా మీలో ఎవరికీ తెలియవు కాబట్టి ఇది ఓదార్పు కోసం ఇచ్చే పదవి కాదు. అతను ఒప్పుకుంటే ఆ రోజు అతన్నే ముందు కారులో నడపనివ్వండి, మిగిలినవారు అతని వేగాన్ని అనుసరిస్తారు. మీరు అతని పక్క సీటులో కూర్చోండి, గడియారం పట్టుకోవడానికి ఎలాగూ ఒకరు కావాలి. ఇప్పుడే ఒప్పుకోకపోతే బలవంతం చేయకుండా, అతను చెప్పిన దారిలోనే ఆ ప్రయాణం చేసి, రోడ్డు ఎలా ఉందో ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పండి.